ఎంజైము తాళంకప్ప కాదండీ, ఆ బొమ్మ పక్కన ఇంకో బొమ్మ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో వచ్చే చదువుల పేజీని మా ఇంటర్ బైపీసీ పిల్లలు కత్తిరించి నోట్సుల్లో అతికించుకుంటారండి, అందుకే ఈ ఉత్తరం, లేకపోతే ఒక్క బొమ్మ గురించి ఇంత పొడుగు రాసే ఓపిక నాకూ ఉండేది కాదు. ఈమధ్య ఎంజైముల మీద, అంటే మన ఒంట్లో రసాయన చర్యల్ని వేగంగా నడిపించే ప్రోటీన్ల మీద, వేసిన పాఠంలో పెద్ద తాళంకప్ప, అందులోకి దూరుతున్న తాళంచెవి బొమ్మ వేసి కింద "ఎంజైము ఇలా పనిచేస్తుంది" అని రాశారు. చివర్లో చిన్న బాక్సులో "ఇండ్యూస్డ్ ఫిట్ – కోష్‌లాండ్ – 1958" అని ఒక్క ముక్క. అంటే బిట్ పేపర్లో వస్తే టిక్ పెట్టుకోడానికి పనికొచ్చేంత, అంతే. ఇండ్యూస్డ్ ఫిట్ అంటే ఎంజైము తను పట్టుకునే పదార్థం వచ్చాక దానికి తగ్గట్టు ఆకారం మార్చుకోవడం. నా ఫిర్యాదు ఏంటంటే బాక్సులో పడేసిన ఆ ముక్కే అసలు పాఠం. తాళంకప్ప బొమ్మ ఎంజైము దేన్ని పట్టుకుంటుందో కొంతవరకు చెప్తుంది గానీ పట్టుకున్నాక ఏం చేస్తుందో అస్సలు చెప్పదు, పైగా ఆ బొమ్మని ఉన్నదున్నట్టు నమ్మితే ఎంజైము పని చేయకూడదు కూడా. ఈ మాట వింతగా ఉంటుంది, కింద చెప్తాను.

ముందు ఈ తాళంకప్ప పోలిక ఇచ్చిన రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ గురించి, ఎందుకంటే ఆయన్ని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. 1894లో ఆయన చేసింది చాలా చక్కని పని. గ్లూకోజుకి మిథైల్ తగిలించి రెండు రకాల గ్లూకోసైడ్లు తయారుచేశాడు, ఒకటి ఆల్ఫా, ఇంకోటి బీటా, రెండింట్లోనూ పరమాణువులు అవే, లెక్కా అదే, ఒక్క చోట అమరిక మాత్రం అటుది ఇటు. ఈస్టు నుంచి తీసిన ఎంజైము ఆల్ఫాని మాత్రమే విడగొట్టింది, చేదు బాదం నుంచి తీసిన ఎమల్సిన్ బీటాని మాత్రమే విడగొట్టింది. అంత చిన్న తేడాని ఎంజైము కనిపెడుతోందంటే రెండింటి ఆకారాలు తాళం, తాళంచెవిలాగా ఒకదానికొకటి కుదరాలి అన్నాడు. అప్పటికి ఎంజైము అంటే ప్రోటీను అనే సంగతే ఎవరికీ తెలీదండి, సమ్నర్ 1926లో జాక్ బీన్ గింజల నుంచి యూరియేజ్‌ని స్ఫటికాలుగా తీసి చూపించాకే ఆ వాదం మొదలైంది, అదీ వెంటనే ఎవరూ ఒప్పుకోలేదు. చేతిలో ఏమీ లేని రోజుల్లో ఫిషర్ ఇచ్చిన పోలిక అది, దాంతో తర్వాతి అరవై ఏళ్ళు నడిచాయి. తప్పు ఆయనది కాదు, 2020ల్లో కూడా అక్కడే ఆగిపోయిన మన బొమ్మలది.

ఇప్పుడు అసలు సంగతి. క్లాసులో ఈ బొమ్మ గీసినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల అడుగుతుంది, "మేడమ్, పెద్ద తాళంచెవి చిన్న కన్నంలో దూరదు సరే, చిన్నదైతే దూరుతుంది కదా, దూరి పని చేయాలి కదా" అని. ఈ ప్రశ్న అడిగిన పిల్లని గైడు చూసి చదువుకో అని కూర్చోబెట్టేవాళ్ళని నేను చూశాను, బాధేస్తుంది, ఎందుకంటే సరిగ్గా ఇదే ప్రశ్నతో డేనియల్ కోష్‌లాండ్ 1958లో ఫిషర్ బొమ్మని కదిలించాడు. ఆయన అప్పుడు అమెరికాలో బ్రూక్‌హేవెన్ లాబ్‌లో పనిచేస్తున్నాడు, తర్వాత బర్క్లీ వెళ్ళాడు. ఆయన పట్టుకున్న ఉదాహరణల్లో మనకి బాగా పనికొచ్చేది హెక్సోకైనేజ్.

హెక్సోకైనేజ్ అంటే మనం తిన్న అన్నం గ్లూకోజు అయ్యి కణంలోకి వచ్చాక దాని మీద మొట్టమొదట చెయ్యి వేసే ఎంజైము. గ్లైకాలిసిస్‌లో, అంటే కణం గ్లూకోజుని విడగొట్టి శక్తి తీసుకునే వరసలో, మొదటి మెట్టు. కణంలో శక్తిని మోసే ఏటీపీ అనే అణువు చివర ఉన్న ఫాస్ఫేట్‌ని తీసి గ్లూకోజు ఆరో కార్బన్ దగ్గరున్న ఓహెచ్‌కి తగిలిస్తుంది. ఏటీపీ అనగానే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తు రావాలి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని బయటపెట్టినవాళ్ళలో ఆయన ఒకరు, జర్మనీలో లోమన్ కూడా అదే సమయంలో విడిగా కనిపెట్టాడు. సరే, ఎంజైము ఫాస్ఫేట్‌ని ఒక ఓహెచ్‌కి తగిలిస్తుంది కదా, మరి నీళ్ళలో కూడా ఓహెచ్ ఉంది. నీళ్ళ అణువు గ్లూకోజు కంటే ఎంతో చిన్నది, గ్లూకోజు కూర్చోగలిగిన గుంటలో నీళ్ళు కూర్చోలేకపోవడం ఉండదు. ఇంకా చెప్పాలంటే లీటరు నీళ్ళలో 55 మోల్స్ నీళ్ళుంటాయి, రక్తంలో గ్లూకోజు లీటరుకి 5 మిల్లీమోల్స్, అంటే పదివేల రెట్లు పైగా తేడా. తాళంకప్ప బొమ్మ నిజమైతే హెక్సోకైనేజ్ పొద్దస్తమానం ఏటీపీని నీళ్ళకి ఇచ్చి తగలేస్తూ ఉండాలి, గ్లూకోజు వంతు ఎప్పటికీ రాకూడదు. అలా జరగట్లేదు. గ్లూకోజు లేనప్పుడు ఈ ఎంజైము ఏటీపీని నీళ్ళతో విడగొట్టే వేగం అసలు పనితో పోలిస్తే కొన్ని వేల రెట్లు తక్కువ.

ఎందుకని? గుంట ముందే తయారుగా లేదు కాబట్టి. ఖాళీగా ఉన్న హెక్సోకైనేజ్‌లో రెండు పెద్ద ముద్దలు ఉంటాయి, మధ్యలో లోతైన చీలిక. ఏటీపీ మీద పని చేయాల్సిన భాగాలు ఆ స్థితిలో ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడవు. గ్లూకోజు ఆ చీలిక అడుక్కి వెళ్ళి కూర్చోగానే దాని ఓహెచ్‌లు చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలతో హైడ్రోజన్ బంధాలు పెట్టుకుంటాయి, దాంతో ఒక ముద్ద ఇంకోదాని మీదకి సుమారు 12 డిగ్రీలు తిరుగుతుంది, ప్రోటీను గొలుసులో కొన్ని చోట్లు 8 ఆంగ్‌స్ట్రాముల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) దాకా జరుగుతాయి. ఒక ప్రోటీను లోపల 8 ఆంగ్‌స్ట్రాములంటే మామూలు కదలిక కాదండి, గ్లూకోజు అణువు పొడవుకి దగ్గర దగ్గరగా ఉంటుంది. చీలిక మూసుకుపోయి గ్లూకోజు ప్రోటీనులో దాదాపు పాతుకుపోతుంది, ఆరో కార్బన్ దగ్గరున్న ఓహెచ్ మాత్రం ఏటీపీ వైపు బయటికి తొంగిచూస్తూ ఉంటుంది, చుట్టూ ఉన్న నీళ్ళు బయటికి పోతాయి. అప్పుడుగానీ ఫాస్ఫేట్ చేతులు మారదు. నీళ్ళు గుంటలోకి వస్తాయి, పోతాయి, గానీ ఆ ముద్దల్ని మూయించే చేతులు వాటికి లేవు. ఇదంతా ఊహ కాదు, 1970ల చివర్లో యేల్‌లో థామస్ స్టైట్జ్ గ్రూపు ఎక్స్‌రేతో గ్లూకోజు లేని ఆకారాన్ని, ఉన్న ఆకారాన్ని పక్కపక్కన పెట్టి చూపించింది. ఈ స్టైట్జ్ ఎవరో కాదు, 2009లో మన వెంకీ రామకృష్ణన్‌తో, అదా యోనాత్‌తో కలిసి కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్ మీద నోబెల్ పంచుకున్నాయనే.

నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే ముక్క ఇంకోటి ఉంది, ఏ ఎంట్రన్స్ బిట్ బ్యాంకులోనూ నాకు కనపడలేదు. జైలోజు అనే చక్కెర ఉంది, ఐదు కార్బన్లది, చూడ్డానికి గ్లూకోజులాగే ఉంటుంది, కాకపోతే ఆ ఆరో కార్బన్ ముక్క దానికి లేదు. అంటే ఫాస్ఫేట్ తీసుకోవాల్సిన చెయ్యే లేదు. దాన్ని హెక్సోకైనేజ్‌కి ఇస్తే ఏమవుతుంది? ఏమీ అవ్వదు అనుకుంటాం. కానీ ఎంజైము ఏటీపీని నీళ్ళతో విడగొట్టడం బాగా పెరుగుతుంది. దీనికి చెప్పే కారణం ఏంటంటే జైలోజు వచ్చి కూర్చుని ముద్దల్ని మూయిస్తుంది, ఆరో కార్బన్ ఉండాల్సిన ఖాళీలో నీళ్ళ అణువు దూరుతుంది, ఎంజైము ఇప్పుడు పనికి సిద్ధంగా ఉంది కాబట్టి ఫాస్ఫేట్ తీసుకెళ్ళి ఆ నీళ్ళకి ఇచ్చేస్తుంది. అంటే నీళ్ళకి చేతకానిది రసాయనం కాదు, ఎంజైముని మూయించడం. ఈ ఒక్క ప్రయోగం చెప్తే చాలు, పిల్లలకి ఇండ్యూస్డ్ ఫిట్ ఏంటో జన్మలో మర్చిపోరు, నేను చెప్పి చూశాను కూడా.

పైన ఒక వింత మాట అన్నాను కదా, తాళంకప్ప బొమ్మ నిజమైతే ఎంజైము పనే చేయకూడదని. ఇది ఎంజైము వైపు నుంచి కాకుండా సబ్‌స్ట్రేట్ వైపు నుంచి, అంటే ఎంజైము పట్టుకుని పని చేసే పదార్థం వైపు నుంచి చూడాలి. సబ్‌స్ట్రేట్‌కి అచ్చుగుద్దినట్టు సరిపోయే గుంట ఉందనుకోండి, అది అందులో హాయిగా కూర్చుంటుంది, అక్కణ్ణించి కదలాల్సిన అవసరం దానికి ఏముంది, ఎంత బాగా కుదిరితే అంత గట్టిగా ఇరుక్కుపోతుంది. రసాయన చర్య జరగాలంటే అది తన మామూలు ఆకారం వదిలి, బంధాలు సాగి, వంగి, మధ్యలో ఒక అవస్థలోకి వెళ్ళాలి, దాన్నే ట్రాన్సిషన్ స్టేట్ అంటాం. కాబట్టి ఎంజైము గుంట కుదరాల్సింది సబ్‌స్ట్రేట్‌కి కాదు, ఆ మధ్య అవస్థకి. 1946 ప్రాంతంలో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ దీన్ని తేటగా చెప్పాడు. ఆయన కంటే ముందే 1930లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్ ఎంజైముల మీద రాసిన పుస్తకంలో ఫిషర్ పోలికనే తీసుకుని, తాళంచెవి తాళంలో పూర్తిగా కుదరదు, కొంచెం ఒత్తిడి పడుతుంది అన్నాడు. గాజులు తొడిగే ఆమె చేతిని ఎలా పిసికి, బొటనవేలు లోపలికి మడిచి, సన్నం చేసి గాజు ఎక్కిస్తుందో మా అమ్మాయిలకి అది చెప్తే వెంటనే అర్థమవుతుంది, చెయ్యి దాని మామూలు ఆకారంలో ఉంటే గాజు ఎక్కదు.

హాల్డేన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను, మా కాకినాడ వాళ్ళకి తప్పక తెలియాల్సింది. ఈయన 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశం వచ్చేశాడు, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు, భారత పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో పోయాడు. పోయాక తన శరీరాన్ని మా ఊరి రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేయాలని వీలునామా రాశాడు, అలాగే ఇచ్చారు. తాళంచెవి తాళంలో సరిగ్గా కుదరదు అని ప్రపంచంలో ముందుగా రాసినవాళ్ళలో ఒకాయన శరీరం మా ఊళ్ళో డాక్టరు పిల్లల చదువుకి పనికొచ్చిందండి, మేమేమో ఇక్కడే కూర్చుని ఇంకా కుదిరిపోయిన తాళంచెవి బొమ్మ గీస్తున్నాం.

సబ్‌స్ట్రేట్ వంగడానికి పాత ఉదాహరణ కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీన్ని కనిపెట్టాడు, మన కన్నీళ్ళలో కూడా ఉంటుంది, బ్యాక్టీరియా గోడల్ని కోస్తుంది. ఆకారం మొత్తం ఎక్స్‌రేతో బయటపడ్డ మొట్టమొదటి ఎంజైము ఇదే, 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ వాళ్ళు చేశారు. దీని గాడిలో ఆరు చక్కెర ఉంగరాలు వరసగా పడతాయి, అందులో నాలుగోది మాత్రం మామూలు కుర్చీ ఆకారంలో ఉంటే పట్టదు, మెలి తిరగాలి, గొలుసు తెగేది ఆ మెలిక దగ్గరే. ఆ తర్వాత చర్య ఎలా నడుస్తుందన్న దాని మీద ఫిలిప్స్ చెప్పినదాన్ని 2001లో కొంత సవరించారు గానీ ఆ ఉంగరం వంగుతుందన్నది అలాగే ఉంది. అంటే ఎంజైమూ మారుతుంది, సబ్‌స్ట్రేటూ మారుతుంది, ఇద్దరూ సర్దుకుంటారు.

ఇదంతా పిల్లల పరీక్షల గొడవ, మాకెందుకు అని మీ పాఠకులు అనుకోవచ్చు. షుగరు ఉన్న ఇల్లు లేని వీధి మన దగ్గర లేదు కాబట్టి అక్కణ్ణించే చెప్తాను. హెక్సోకైనేజ్ కుటుంబంలోనే గ్లూకోకైనేజ్ అని ఒకటుంది, కాలేయంలోనూ, పాంక్రియాస్‌లో ఇన్సులిన్ వదిలే బీటా కణాల్లోనూ ఉంటుంది. రక్తంలో చక్కెర ఎంత ఉందో బీటా కణానికి తెలిసేది దీని వల్లే. మామూలు హెక్సోకైనేజ్ కొంచెం చక్కెర ఉన్నా చాలు నిండా పనిలో ఉంటుంది కాబట్టి అది కొలతకి పనికిరాదు. గ్లూకోకైనేజ్ అయితే సగం వేగం అందుకోడానికే 8 మిల్లీమోల్స్ గ్లూకోజు కావాలి, మన రిపోర్టుల లెక్కలో సుమారు 145. అంతేకాదు, గ్రాఫు గీస్తే మామూలు వంపు రాదు, ఎస్ ఆకారం వస్తుంది. ఎస్ ఆకారం సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ గుంటలున్న ప్రోటీన్లకి వస్తుంది, హిమోగ్లోబిన్‌కి వచ్చినట్టు, దీనికి గ్లూకోజు పట్టే గుంట ఒక్కటే. మరి ఎస్ ఎక్కడిది? ఆకారం మార్చుకోవడంలో ఉన్న బద్ధకంలోంచి. గ్లూకోజు లేనప్పుడు దీని రెండు ముద్దలు హెక్సోకైనేజ్ కంటే చాలా ఎక్కువ తెరుచుకుని ఉంటాయి, మూసుకోడానికి టైము పడుతుంది. ఒక గ్లూకోజుని పూర్తి చేసి వదిలేశాక చుట్టూ చక్కెర బాగా ఉంటే, ఎంజైము వెనక్కి తెరుచుకుపోయే లోపే ఇంకోటి వచ్చి పడుతుంది, పని జోరుగా సాగుతుంది. చక్కెర తక్కువగా ఉంటే రెండోది వచ్చేలోపు వెల్లకిలా తెరుచుకుపోతుంది, మళ్ళీ మొదటి నుంచి మూసుకోవాలి. దాంతో చక్కెర తగ్గితే పని బాగా తగ్గుతుంది, పెరిగితే బాగా పెరుగుతుంది, ఇన్సులిన్ దాన్ని బట్టి నడుస్తుంది.

ఈ గ్లూకోకైనేజ్‌ని తయారుచేసే జీన్‌లో ఒక కాపీ పాడైనవాళ్ళకి పుట్టుక నుంచీ ఫాస్టింగ్ షుగరు కొంచెం ఎక్కువగా ఉంటుంది, అలాగే ఉండిపోతుంది, పెద్దగా పెరగదు. వంశపారంపర్యంగా వచ్చే ఈ రకం షుగరుని మోడీ-2 అంటారు, ప్రధాని గారికి సంబంధం లేదు. వీళ్ళలో ఎక్కువమందికి మందులే అక్కర్లేదు, గర్భం సమయంలో మాత్రం డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. దీనికి ఉల్టాగా, ఎంజైము మరీ తేలిగ్గా మూసుకునే మార్పులు కూడా ఉన్నాయి, వాటితో పుట్టిన పిల్లలకి చక్కెర పడిపోతూ ఉంటుంది. ఈ మూసుకున్న ఆకారాన్ని పట్టి ఉంచే మందులు చేయాలని కంపెనీలు ఎప్పటినుంచో తంటాలు పడుతున్నాయి, అలాంటిది ఒకటి, డోర్జాగ్లియాటిన్, 2022లో చైనాలో అనుమతి తెచ్చుకుంది. తాళంకప్ప బొమ్మ పెట్టుకుని ఈ మందు ఎలా పనిచేస్తుందో చెప్పండి చూద్దాం, కుదరదు, ఎందుకంటే అది గ్లూకోజు గుంటలో కూర్చోదు, పక్కన వేరే చోట కూర్చుని ఎంజైము ఆకారాన్ని పట్టుకుంటుంది.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు. సుబ్బారావు గారు తర్వాత లెడర్లీ కంపెనీ లాబ్‌కి వెళ్ళారు, అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని పోలిన పదార్థాలు తయారుచేసింది, అమినోప్టెరిన్, ఆ వెంటే మెథోట్రెక్సేట్. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ ఇచ్చి లుకేమియా పిల్లల్లో కొన్నాళ్ళపాటైనా జబ్బు వెనక్కి తగ్గడం చూపించాడు, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. మెథోట్రెక్సేట్ ఈరోజుకీ కీళ్ళవాతానికి వాడతారు, వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదకి వస్తుంది, ఇంట్లో ఎవరైనా వాడుతుంటే చీటీ మళ్ళీ ఒకసారి చదవండి. ఇది పట్టుకునే ఎంజైము డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. చూడ్డానికి మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలిక్ ఆసిడే, ఒకటి రెండు చోట్ల మార్పు. కాబట్టి అసలు తాళంచెవి కూర్చున్నట్టే ఇదీ కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఎక్స్‌రేలో చూస్తే దాని టెరిడిన్ ఉంగరం అసలుదానికి తిరగేసి కూర్చుని ఉంది! తలకిందులుగా కూర్చుని అసలుదాని కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంది. ఏ తాళంకప్ప ఇలా చేస్తుంది?

రెండోది ఇమాటినిబ్. సీఎంఎల్ అనే రక్త క్యాన్సరుకి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన దగ్గర 2003లో హైదరాబాద్ నాట్కో వాళ్ళు వీనాట్ పేరుతో తెచ్చారు, పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2013 ఏప్రిల్‌లో నోవార్టిస్ ఓడిపోయింది, ఆ కథ మీ పేపర్లోనే బోలెడు వచ్చి ఉంటుంది. పేపర్లలో రానిది ఏంటంటే, ఈ మందు పట్టుకునే ఏబీఎల్ అనే కైనేజ్‌కి, అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి వేరేదానికి తగిలించే ఎంజైముకి, ఎస్‌ఆర్‌సీ అని ఒక దాయాది ఉంది. మందు తగిలే చోట రెండింట్లో అమైనో ఆమ్లాలు దాదాపు అవే. బొమ్మ ప్రకారం ఒకే తాళంచెవికి రెండూ తెరుచుకోవాలి. కానీ ఇమాటినిబ్ ఏబీఎల్‌ని పట్టుకున్నంతలో ఎస్‌ఆర్‌సీని వేల రెట్లు తక్కువ పట్టుకుంటుంది. చాలా ఏళ్ళు ఇది ఎవరికీ కొరుకుడు పడలేదు. 2014లో అమెరికాలో డోరతీ కెర్న్ గ్రూపు కొలిచి చెప్పిందేంటంటే, మందు వచ్చి తగలడం వరకు రెండింట్లోనూ పెద్ద తేడా లేదు, తేడా అంతా తగిలిన తర్వాత, ఏబీఎల్ నెమ్మదిగా ఇంకో ఆకారంలోకి మారి మందుని బిగించేస్తుంది, ఎస్‌ఆర్‌సీ ఆ పని అంత బాగా చేయదు. ఇండ్యూస్డ్ ఫిట్ అంటే బిట్ ప్రశ్న అనుకునే పిల్లలకి ఈ మాట చెప్పాలండి, క్యాన్సరు మందు ఒక ప్రోటీనుని పట్టి దాని దాయాదిని వదిలేయడానికి కారణం అదే.

అన్ని ఎంజైములూ హెక్సోకైనేజ్‌లా నోరు తెరిచి మూస్తాయని నేను అనట్లేదు. మన పేగుల్లో పనిచేసే ట్రిప్సిన్ ఉంది, లైసిన్, ఆర్జినిన్ పక్కనే కోస్తుంది, దాని గుంట అడుగున ఒక నెగటివ్ చార్జి ముందే సిద్ధంగా ఉంటుంది, వాళ్ళ పాజిటివ్ తోక అందులో దిగుతుంది. అక్కడ ఫిషర్ బొమ్మ చాలావరకు నడుస్తుంది. అలాగే కోష్‌లాండ్ చెప్పిందే ఆఖరి మాట కూడా కాదు. గ్లూకోజు వచ్చేదాకా ఎంజైము బిగదీసుకుని ఒకే ఆకారంలో ఉంటుందనుకోవడం కూడా సరికాదు, శరీరం వేడికి ప్రోటీను ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, చాలా ఎంజైముల్లో సబ్‌స్ట్రేట్ లేకపోయినా అప్పుడప్పుడూ మూసుకున్న ఆకారం వచ్చి పోతూ ఉంటుంది, సబ్‌స్ట్రేట్ వచ్చి ఆ ఆకారాన్నే పట్టుకుని నిలబెడుతుంది అనే వాదన 1990ల చివరి నుంచి బలపడింది. ఇప్పుడు చాలామంది చెప్పేది రెండూ ఉంటాయని, ఒక్కో ఎంజైములో ఒక్కో పాళ్ళలో. ఇది ఇంటర్ పిల్లలకి ఎక్కువే అవుతుంది, వదిలేయొచ్చు. కానీ 2024లో ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటరుతో అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్‌కి నోబెల్ వచ్చినప్పుడు "ప్రోటీన్ల ఆకారం సమస్య తీరిపోయింది" అని కొన్ని చోట్ల రాశారు, అది మాత్రం ఒప్పుకోలేను. అద్భుతమైన పని, సందేహం లేదు, కానీ అది మామూలుగా ఇచ్చేది ఒక ప్రోటీనుకి ఒక ఆకారం, పైన చెప్పిన మందులన్నీ ఆడుకునేది ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మధ్యలో.

నేను అడిగేది చిన్న పని. ప్రోటీన్ డేటా బ్యాంక్ అని ప్రపంచంలో ప్రోటీన్ల ఆకారాలన్నీ దాచే చోటు ఉంది, 1971లో మొదలైంది, పైసా కట్టక్కర్లేదు, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. అందులో 1వీ4టీ అని కొడితే గ్లూకోజు లేని గ్లూకోకైనేజ్ వస్తుంది, 1వీ4ఎస్ అని కొడితే గ్లూకోజుని పట్టుకుని మూసుకున్నది వస్తుంది, వేలితో అటూ ఇటూ తిప్పి చూసుకోవచ్చు. మా పిల్లలు వాళ్ళ ఫోన్లలో ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏ ముక్క ఎటు జరిగిందో వెతుక్కుంటారు, రీల్స్ కంటే ఎక్కువసేపు చూస్తారని చెప్పను గానీ చూస్తారు. మీ ఆర్టిస్టు గారు ఆ రెండు ఆకారాల్ని పక్కపక్కన గీస్తే అర పేజీ కూడా పట్టదు, కింద జైలోజు ప్రయోగం నాలుగు లైన్లు వేయండి. తాళంకప్ప బొమ్మ తీసేయమని అనట్లేదు, అది కూడా ఉండనీయండి, "ఎంజైము ఇలా పనిచేస్తుంది" అన్న లైను బదులు "ఫిషర్, 1894" అని వేస్తే చాలు.

ఇట్లు,
ఒక ఇంటర్ బోటనీ లెక్చరర్,
కాకినాడ